కంపవాతము - కార్యనిర్వహణశక్తి

(మన కులసంఘ వార్షిక మహాసభ సందర్భమున బహదూర్‌పల్లిలో చేసిన యుపన్యాసము)



ఏటేట జరుగు నీ మహాసభలో మనము విద్యార్థి వసతిగృహములను గూర్చియు, మగ్గమునే నమ్ముకొనిన కుటుంబముల కష్టములను గూర్చియు, వివాహసంబంధములను గూర్చియు చర్చించుచున్నాము. అవి చర్చింపదగినవే. కాని యింటి లోపలిగదిలో, తలుపుచాటున, మాటలాడక కూర్చుండు వృద్ధుని గూర్చి మన సభలలో ప్రసంగము వచ్చుట యరుదు. చేయి వణకును గనుక అతడు పంక్తిభోజనమునకు రాడు. అడుగు తడబడును గనుక పెండ్లికి రాడు. గొంతు సన్నగిల్లును గనుక సభలో లేచి మాటలాడడు. ఇంటివారును "మా బాపుకు పానం మంచిగ లేదు" అను నొక్క మాటతో ముగింతురు.

ఆ యొక్క మాట వెనుకనున్న వ్యాధి కంపవాతము. అది చేతులకును కాళ్ళకును మాత్రమే గాక, బుద్ధియొక్క యొకానొక శక్తికి గూడ సోకునని నేటి శాస్త్రజ్ఞులు కనుగొనినారు. ఈ సంగతి యింటివారికి తెలియకపోవుటచే రోగికి రోగము చేయు బాధకంటె మన మాటలు చేయు బాధ యెక్కువగుచున్నది. అందుచేత నేడీ విషయమును ఎత్తుకొంటిని. నేను వైద్యుడను గాను. సంస్కృతము చదివి బడిలో పాఠము చెప్పినవాడను. చికిత్స చెప్పుట నా పని గాదు. అర్థము చెప్పుట నా పని.

పూర్వుల మాట

మన ప్రాచీనులు ఈ వ్యాధిని ఎఱుగనివారు కారు. చరకసంహితయందు వాతవికారములను లెక్కించుచోట వేపథువు, అనగా వణకు, చేర్చబడినది. మాధవనిదానమున సర్వాంగములును శిరస్సును కంపించుట వర్ణింపబడినది. కాని మనకు మిక్కిలి సన్నిహితమైన గ్రంథము బసవరాజీయము. అది తెలుగుదేశమున పుట్టి, తరతరములుగ మన పల్లెవైద్యుల యిండ్లలో నిలిచిన గ్రంథము. అందు కంపవాత లక్షణములు చెప్పునపుడు, కరచరణములు వణకుట, దేహము తూలుట, దుఃఖము, నిద్రాభంగము అని యెంచి, వానితోపాటు మతి క్షీణించుటను గూడ గ్రంథకర్త చేర్చినాడు. శరీరమును, నిద్రను, మనస్సును, బుద్ధిని ఒకే వ్యాధి క్రింద కూర్చిన యా దృష్టి గమనింపదగినది.

పాశ్చాత్యదేశములలో జేమ్స్ పార్కిన్సన్ అను లండను వైద్యుడు 1817లో ఆరుగురు రోగులను గూర్చి యొక చిన్న గ్రంథము వ్రాసెను. వణకును, ముందునకు వంగు నడకను, ఆయన చక్కగా వర్ణించెను గాని, ఇంద్రియములును బుద్ధియు ఈ రోగమున చెడకుండునని తలంచెను. ఆ శతాబ్ది యుత్తరార్ధమున పారిస్ నగరపు షార్కో పండితుడు ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టి గౌరవించుచునే, కొందఱిలో మనశ్శక్తియు మందగించునని గుర్తించెను. అయినను తొలిమాటయే చాలకాలము లోకమున నిలిచినది. రోగి వణకునే కాని తెలివికి లోటు లేదని వైద్యులు ననుకొనిరి, ఇంటివారు ననుకొనిరి. ఇందువలన మన పూర్వులకు సర్వమును తెలియునని చెప్పుట నా యభిప్రాయము గాదు. మెదడులో ఏ భాగము చెడినదో వారెఱుగరు. కాని రోగి మంచముప్రక్కన కూర్చుండి చూచిన కన్ను వారిది. ఆ కన్ను చూచినది నిజము.

ఇచ్చట నొక హెచ్చరిక. వణకినవారందఱికిని కంపవాతము లేదు. పాత్ర నెత్తునపుడు మాత్రమే చేయి వణకు వేఱొక జాతి వణకు కలదు. అది వంశమున వచ్చుటయు కలదు. కొన్ని మందులవలనను వణకు పుట్టును. కంపవాతములో సాధారణముగ చేయి ఊరక యుంచినపుడు వణకును, పని మందగించును, అవయవములు బిగియును. వణకే లేని కంపవాతరోగులును కలరు. నిర్ణయము వైద్యునిదే కాని యిరుగుపొరుగులది కాదు.

కార్యనిర్వహణశక్తి యననేమి?

మతి క్షీణించుట యనగానే మఱపు అని తలంతుము. కాని కంపవాతములో తఱచుగా ముందు మందగించునది జ్ఞాపకము గాదు. అర్ధశతాబ్దికి పూర్వము నూలు ధర యెంతయో, ఏ సంతకు ఏ త్రోవను పోయిరో, రోగి తప్పక చెప్పును. కాని, "స్నానము చేసి, బట్ట కట్టుకొని, మందు వేసికొని, బయటికి రమ్ము" అని నాలుగు మాటలు ఒక్కసారి చెప్పినచో నిలిచిపోవును. మొదలు పెట్టలేడు; మొదలిడినచో నడుమ ఆగును; ఒక పనిలో నుండగా మఱియొకటి అడిగినచో రెండును చెడును. కర్తవ్యమును నిర్ణయించుట, క్రమము నేర్పఱచుట, ఆరంభించుట, నడుమ వచ్చినదానిని బట్టి మార్చుట, కూడనిదానిని ఆపుట - ఈ పనులన్నింటిని నడపు బుద్ధిశక్తిని శాస్త్రజ్ఞులు కార్యనిర్వహణశక్తి యందురు. 2000లో మియాకే మొదలగువారు దీనిని పరిశీలించి ముఖ్యముగా మూడు అంశములుగా విడదీసిరి: ఒకదానినుండి మఱియొకదానికి మరలుట, మనస్సులోని విషయమును ఎప్పటికప్పుడు సరిచేసికొనుట, వచ్చు ప్రేరణను నిగ్రహించుట.

ఇంతకంటె సులభముగ దీనిని తెలిసికొనదలచినచో అష్టావధానమును తలచుకొనుడు. అవధాని యొక పృచ్ఛకునికి పద్యపాదము చెప్పి, వెంటనే దానిని విడిచి మఱియొకని సమస్యకు మరలును, ఇది మరలుట. ఎవరికి ఎంతవఱకు చెప్పినదియు మనస్సులో సరిచూచుకొనుచు తుదకు ధారణ చేయును, ఇది రెండవది. నిషిద్ధాక్షరిలో నోటికి వచ్చిన యక్షరమును అడ్డగించి వేఱొకదానిని పలుకును, ఇది నిగ్రహము. నడుమ గంటలు లెక్కించుటయు, అప్రస్తుతప్రసంగమునకు చిక్కక బదులిచ్చుటయు నున్నవి. మన తెలుగువారు ఈ శక్తిని ఒక కళగా చేసి రంగస్థలము నెక్కించినారు.

అవధానులు కొందఱే గాని, కార్యనిర్వహణశక్తి యందఱికిని నిత్యము కావలసినదే. ఒక పొయ్యిమీద అన్నమును, మఱియొకదానిమీద కూరను పెట్టి, పాలవానికి బదులిచ్చి, బిడ్డకు జడవేసి, పొంగకముందే మంట తగ్గించు తల్లి యష్టావధానమే చేయుచున్నది. ఆ తల్లికి కంపవాతము సోకి, ఒకనాడు కూర మాడినచో, "నీ ధ్యాస ఎక్కడున్నది?" అని గద్దించుచున్నాము. ధ్యాస పోలేదు, దానిని ఒకచోటినుండి మఱియొకచోటికి త్రిప్పు శక్తి సన్నగిల్లినది.

మెదడులో జరుగునది

మెదడు మధ్యభాగమున నల్లని పదార్థ మను అర్థముగల లాటిన్ పేరుతో సబ్‌స్టాన్షియా నైగ్రా యను చిన్న భాగమున్నది. అందలి కణములు డోపమైన్ అను ద్రవ్యమును తయారుచేసి, స్ట్రయేటమ్ అను భాగమునకు అందించును. కంపవాతములో ఈ నల్లని కణములు క్రమముగ నశించును, డోపమైన్ తఱుగును. దీనిని కనుగొనిన కథలో మన మూలికకు స్థానము కలదు. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ మన సర్పగంధనుండి తీసిన రెసర్పిన్ అను మందును జంతువులకిచ్చి అవి కదలక పడియుండుట చూచెను. పిదప లెవోడోపా నిచ్చినంతనే అవి లేచి తిరిగినవి. 2000లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. 1960లో వియన్నాలో ఎరింగర్, హోర్నికీవిచ్ అనువారు కంపవాతముతో మరణించినవారి మెదళ్ళలో డోపమైన్ లోటును కనుగొనిరి.

కదలికకు సంబంధించిన ద్రవ్యము తఱిగినచో బుద్ధి యేల మందగించవలె నను ప్రశ్నకు 1986లో అలెగ్జాండర్, డీలాంగ్, స్ట్రిక్ అనువారు స్పష్టమైన సమాధానమిచ్చిరి. స్ట్రయేటమ్ మొదలుగాగల లోతుభాగములనుండి మెదడు పైపొరకు పోయి మఱల తిరిగివచ్చు వలయములు అయిదున్నవి. ఒకటి అవయవముల కదలికకు, ఒకటి కన్నుల కదలికకు. తక్కినవి నొసటి వెనుకనున్న ముందుభాగములతో కూడి, ఆలోచనాక్రమమునకును, ఇష్టానిష్టములను త్రిప్పుకొనుటకును, ఉత్సాహమునకును సంబంధించినవి. ఒకే మగ్గముపై అయిదు రంగుల పడుగు ప్రక్కప్రక్కన పోయినట్లు ఇవి పోవుచుండును. డోపమైన్ వీనియన్నింటికిని కావలసినదే. సామాన్యముగ కదలికకు సంబంధించిన భాగమున లోటు ముందుగను తీవ్రముగను వచ్చును. ఆలోచనకు సంబంధించిన భాగమునకు పిదప ప్రాకును. కనుక చేయి ముందు వణకి, క్రమము పిదప తప్పుట సహజము.

సాంఖ్యులు మనస్సును జ్ఞానేంద్రియములతోను కర్మేంద్రియములతోను గూడ చేర్చి, అది ఉభయాత్మకమనిరి. చేయిని కదల్చు వలయమును, చేయి యేమి చేయవలెనో నిర్ణయించు వలయమును ప్రక్కప్రక్కనే యుండుట చూచినపుడు ఆ విభాగము నాకు జ్ఞప్తికి వచ్చును.

ఇక ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాను. మనది మగ్గము పట్టిన కులము. కొత్తగా నేత నేర్చు బాలుడు కాలు ఎప్పుడు తొక్కవలెనో, నాడె ఎప్పుడు విసరవలెనో, ప్రతిసారియు తలచి చేయును. పది సంవత్సరములైన పిదప అతడు పాట పాడుచు నేయును. చేయియు కాలును తమంతట తాము సాగును. ఈ యభ్యాసమును మోయునది స్ట్రయేటమ్ మొదలగు లోతుభాగములే. కంపవాతము మొదట ఈ యభ్యాసమునే చెఱచును. ఆరోగ్యవంతునికి నడక తలపక జరుగును. కంపవాతరోగి ప్రతి యడుగును తలచి వేయవలసియుండును. గుండీ పెట్టుట, మంచముపై ప్రక్కకు తిరుగుట, అన్నము కలుపుకొనుట - అన్నియు కొత్తగా నేర్చు బాలుని పనివలె బుద్ధి మోయవలసియుండును. ఆ మోయునది కార్యనిర్వహణశక్తి. ఆ శక్తియే అదే వ్యాధిచేత సన్నగిల్లుచున్నది! భారము రెట్టింపైన వేళనే మోయువాని బలము తఱిగినది. నడచుచున్న రోగిని మాటలలోనికి దించినచో అతడు నిలిచిపోవుటయు, ఒక్కొక్కప్పుడు పడిపోవుటయు ఇందువలననే. ఈ యొక్క విషయము గ్రహించినచో తక్కినవన్నియు మీకు తామే తెలియును.

పరిశోధనలు

మాటలాడుచునే ఈ శక్తిని కొంత పరీక్షింపవచ్చును. ఒక నిమిషములో 'ప' అను నక్షరముతో మొదలగు పదములు చెప్పుమందురు. గడియారము వ్రాసి ముండ్లు పెట్టుమందురు. అంకెను అక్షరముతో మార్చిమార్చి కలుపుమందురు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి ప్రాంతమున కొత్తగా కంపవాతము నిర్ణయమైన 159 మందిని పరిశీలించి 2004లో ప్రకటించిన పరిశోధనలో నూటికి 36 మందిలో అప్పటికే బుద్ధివ్యాపారమున ఏదో యొక లోటు కనబడినది. అనగా నూటికి 64 మందిలో కనబడలేదనియు అర్థము. రోగులందఱికిని మతి తప్పునని భయపడ నక్కఱలేదు. ఏ రోగికిని తప్పదని ఉపేక్షింపను రాదు.

1990 ప్రాంతమున ఒగావా మొదలగువారు పుఱ్ఱె విప్పకుండ మెదడు పనిని చూచు మార్గమును కనుగొనిరి. మెదడులో పనిచేయు భాగమునకు రక్తము అధికముగ వచ్చును. రక్తములోని ప్రాణవాయువు మార్పును అయస్కాంతయంత్రముచే చిత్రించుదురు. దీనిని ఎఫ్.ఎం.ఆర్.ఐ. యందురు. 2003లో లూయిస్ మొదలగువారు, కార్యనిర్వహణశక్తి తగ్గిన కంపవాతరోగులను, తగ్గని రోగులను వేఱుచేసి, మనస్సులో నుంచుకొని మార్చవలసిన యొక పనిని వారిచే యంత్రములో చేయించిరి. శక్తి తగ్గినవారి మెదడులో ముందుభాగమునను స్ట్రయేటమునను పని తక్కువగా కనబడినది. రోగి "నాకు తోచుటలేదు" అన్నప్పుడు అది సోమరితనపు మాట గాదనియు, మెదడులో కనబడు లోటనియు ఈ చిత్రము సాక్ష్యము చెప్పుచున్నది.

ఈ విద్యయందు మనవారును వెనుకబడియుండలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోను పనిచేసిన ఆచార్య సూరంపూడి బాపిరాజుగారు మనుష్యుడు చేతిపనుల వరుసను ఎట్లు నేర్చునో, నేర్చుకొలది మెదడులో ఏ భాగములు పాల్గొనునో పరిశోధించినారు. మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్య వి. శ్రీనివాసచక్రవర్తిగారు కంపవాతములో చెడు వలయములను గణితముచే నిర్మించి చూపినారు. శాస్త్రవిషయములను తేటతెలుగున వ్రాసినవారును వీరే.

పంజాగుట్ట నిజామ్స్ వైద్యసంస్థను మీరందఱు ఎఱుగుదురు. అచ్చట పనిచేసిన కాలమున డాక్టర్ సువర్ణ అల్లాడిగారు మొదలగువారు 2013లో ప్రకటించిన పరిశోధన ప్రపంచమున ప్రసిద్ధికెక్కినది. మతిభ్రంశము గల 648 మందిని పరిశీలింపగా, రెండు భాషలు మాటలాడువారికి ఒకే భాష మాటలాడువారికంటె ఆ వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగ వచ్చినట్లు తెలిసినది. చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. ఒక భాషను ఆపి మఱియొక భాషకు మరలుట కార్యనిర్వహణశక్తికి నిత్యవ్యాయామమని పరిశోధకులు వ్యాఖ్యానించిరి. ఇది మతిభ్రంశమును గూర్చిన పరిశోధన, కంపవాతమును గూర్చినది గాదు, రెంటిని కలుపరాదు. అయినను ఇంట తెలుగును, అంగడిలో ఉర్దూను మాటలాడిన మన పెద్దల జీవితము వారికి తెలియకయే యొక మేలు చేసియుండునని తలంచుట తప్పు గాదు. వారికి అర్థమగు భాషలో పరీక్షించుట యెంత యవసరమో గుర్తించి, పాశ్చాత్యదేశపు బుద్ధిపరీక్షను తెలుగునకు తగినట్లు మార్చినవారును వీరే.

ఔషధము

కంపవాతమునకు ప్రధానౌషధము లెవోడోపా. మన పొలముగట్లపై ప్రాకు దూలగొండి, సంస్కృతమున ఆత్మగుప్త, కపికచ్ఛువు, విత్తనములలో ఈ ద్రవ్యమున్నట్లు 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనువారు నిరూపించినారు. ఇది విని యెవరును దూలగొండి గింజలు నూరి త్రాగవలదు. మాత్రలో కొలత యుండును. గింజలో కొలత తెలియదు. మాత్రయు గింజయు కలిసినచో కీడు కలుగవచ్చును.

లెవోడోపా సంవత్సరముల తరబడి వాడినపుడు, మోతాదుకు మోతాదుకు నడుమ దాని బలము తగ్గి రోగి బిగిసిపోవు వేళలు వచ్చును. అట్టివారికి తోడుమందుగా సఫినమైడ్ అనుదానిని 669 మందిపై పరీక్షించిన ఫలితములు 2014లో వెలువడగా, ఆ పరిశోధనాపత్రమునకు ప్రథమరచయిత నిజామ్స్ సంస్థకు చెందిన ఆచార్య రూపమ్ బర్గోహైన్‌గారు. 2017లో అమెరికా ప్రభుత్వము ఆ మందునకు అనుమతి నిచ్చినది. మన నగరపు వైద్యశాలలో నడచిన పని లోకమునకంతకు ఉపకరించుట మనకు సంతోషకారణము.

కాని యీ మందులకు రెండు వైపుల పదును కలదు. డోపమైన్ మిక్కిలి తఱిగిన భాగమునకు మందు ప్రాణము పోయును; అంతగా తఱుగని భాగమునకు అదే మోతాదు అధికమగును. ఎండిన పొలమునకు పెట్టిన నీరు ప్రక్కనున్న తడిపొలమును ముంచినట్లు. 2001లో కూల్స్ మొదలగువారు, మందు వేసికొనిన రోగులు ఒక పనినుండి మఱియొకదానికి మరలుటలో బాగుపడిరనియు, లాభనష్టములు తారుమారైనపుడు తమ నిర్ణయము మార్చుకొనుటలో మాత్రము వెనుకబడిరనియు చూపిరి.

తల్లులారా, అయ్యలారా, దీనిని శ్రద్ధగా వినుడు. డోపమైన్‌వలె పనిచేయు మఱియొక జాతి మందులున్నవి. 2010లో 3090 మంది రోగులపై ప్రకటించిన పరిశోధనలో నూటికి సుమారు 14 మందిలో జూదము, మితిమీరిన కొనుగోలు, అతికామము, అతిభోజనము వంటి నిగ్రహలోపములలో ఏదో యొకటి కనబడినది. ఈ జాతి మందు వాడువారిలో నూటికి 17 మందియు, వాడనివారిలో 7 గురును అట్లుండిరి. జీవితమంతయు పైసపైస లెక్కచూచుకొనిన పెద్దమనిషి, ఆఱుపదులు దాటిన పిదప దాచిన ధనమును జూదమున పోగొట్టినచో, "ఈ వయస్సున ఈ బుద్ధి యేమి?" అని కులపెద్దల ముందర నిలబెట్టుదుము. అది బుద్ధి కాకపోవచ్చును, మందు కావచ్చును. అట్టి మార్పు కనబడినంతనే వైద్యునికి చెప్పవలెను. చెప్పుటకు సిగ్గుపడరాదు, మందును తమంతట తాము ఒక్కసారిగ ఆపరాదు, ఆపినచో ప్రాణాపాయము రావచ్చును. వైద్యుడు మార్చినచో చాలమందిలో ఆ ప్రవృత్తి తగ్గును.

మెదడులో సన్నని తీగ నుంచి విద్యుత్తుచే ప్రేరేపించు శస్త్రచికిత్సయు మన నగరమున జరుగుచున్నది. అది తగిన రోగులకు వణకును బిగువును చాల తగ్గించును గాని, పదములు వెదకి పలుకు వేగము కొంత తగ్గుట తఱచు. అందుచేతనే శస్త్రచికిత్సకు ముందు వైద్యులు బుద్ధిని గూడ పరీక్షింతురు. "చేతికి చికిత్స, చదువుల పరీక్ష యేల?" అని విసుగుకొనవలదు.

ఇంటివారి విధి

రోగి యొక్కొక్కప్పుడు చక్కగ నడచి, ఒక్కొక్కప్పుడు గడపవద్ద కాలు నేలకు అతికినట్లు నిలిచిపోవును. "కొత్తవాళ్ళొస్తే లేస్తడు, మనం పిలిస్తే లేవడు, అంత నాటకం" అను మాట నేను మన యిండ్లలో పలుమార్లు వింటిని. నాటకము గాదు. మందు బలము గడియగడియకు మాఱును. హఠాత్తుగ వచ్చిన ప్రేరణ కొంతసేపు వేఱొక మార్గమున కదలికను పుట్టించును. ఈ రహస్యమును మనమే ఉపయోగించుకొనవచ్చును. అభ్యాసముచే రాని యడుగు, కంటికి కనబడు గుఱుతుచే వచ్చును. రోగి నిలిచిపోవు గడపవద్ద, స్నానపుగది ద్వారమువద్ద, అడుగు దూరమున కొకటి చొప్పున నేలపై అడ్డగీతలు గీయుడు. ప్రతిదినము వాకిట ముగ్గు పెట్టు చేతులకు నాలుగు గీతలు గీయుట కష్టమా? గీతను దాటుమన్నచో కాలు లేచును. తాళము వేసినను, "ఒకటి, రెండు" అని లెక్కించినను కొందఱికి నడక కుదురును.

ఒక్కసారి ఒక్క పనియే చెప్పుడు. అది ముగిసిన పిదప రెండవది చెప్పుడు. ప్రశ్న అడిగి, బదులునకు ఆగుడు. ఆతని మాటను మీరు పూర్తిచేయవలదు. నడచునపుడు మాటలాడింపవలదు, చేతికి నీళ్ళచెంబు ఈయవలదు. దినచర్యను పెద్దయక్షరములతో వ్రాసి గోడకు తగిలింపుడు. క్రమము బుద్ధిలో నిలువనపుడు గోడపైన నిలువనిండు. మందు వేళ తప్పనీయవలదు. పప్పు, పాలు, మాంసము వంటివి లెవోడోపా పనికి అడ్డువచ్చును గనుక భోజనమునకు ఎంత ముందుగ వేయవలెనో వైద్యుని అడుగుడు. అన్నింటికిని మించి, పనినుండి పూర్తిగ తప్పింపవలదు. నేయలేనివాడు కండెలు లెక్కింపవచ్చును. లెక్కింపలేనివాడు మనుమనికి పద్యము చెప్పవచ్చును.

ఆస్తి పత్రములపై సంతకము వంటి పెద్ద నిర్ణయములు రోగికి మందు బాగుగ పనిచేయు వేళలో, తొందరపెట్టక, విషయమును ముక్కముక్కగ చెప్పి, అతని యిష్టము తెలిసికొని జరుపుడు. బదులు ఆలస్యమైనంత మాత్రమున అతనికి ఇష్టము లేదనియు, తెలివి లేదనియు నిశ్చయింపరాదు. ఆలస్యమును అంగీకారముగ త్రిప్పుకొనుట యంతకంటె పాపము.

సంఘము విధి

ఈ బహదూర్‌పల్లి మన కన్నులయెదుటనే మాఱినది. పొలములుండిన చోట మేడలు లేచినవి. మహీంద్రా విశ్వవిద్యాలయము వచ్చినది. మన బిడ్డలు గణనయంత్రములపై పనిచేయుచున్నారు, కొందఱు సముద్రములు దాటినారు. సంపద వచ్చినది గాని, పగటివేళ ఇంట పెద్దలు ఒంటరిగ మిగిలినారు. కంపవాతమునకు ఒంటరితనము తోడైనచో మందు సగమే పనిచేయును.

కావున సంఘపెద్దలకు మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది: సంవత్సరమున కొక్కమాఱైన నాడీవైద్యుని పిలిపించి, మన వృద్ధులకు నడకతోపాటు బుద్ధిని గూడ తెలుగుననే పరీక్షింపజేయుడు. రెండవది: దూరపు వైద్యశాలకు పోలేని పేదకుటుంబములకు మందుల వెలయు, తోడు పోవు యువకుడును సంఘమునుండి లభించునట్లు చూడుడు; పోషకులు వసతిగృహమునకు గది కట్టించినట్లే దీనికిని నిధి కూర్పవచ్చును. మూడవది, ధనము కోరనిది: ఈ వ్యాధిని దాచు నలవాటును మానుటకు పెద్దలు మార్గదర్శకులు గావలెను. సంబంధము చెడునను భయముచే తండ్రి వ్యాధిని దాచి, వైద్యమును ఆలస్యము చేయు కుటుంబములు మనలో లేవా? కంపవాతము అంటువ్యాధి గాదు. అత్యధికసంఖ్యాకులలో అది తల్లిదండ్రులనుండి నేరుగా వచ్చునదియు గాదు. వియ్యమందు వారు ఈ మాట తెలిసికొనినచో ఒక కన్య పెండ్లియు నిలుచును, ఒక వృద్ధుని వైద్యమును జరుగును.

వచ్చు సంవత్సరపు మహాసభకు చేయి వణకు పెద్దలను గూడ తోడ్కొని రండు. పంక్తిలో వారి ప్రక్కన కూర్చుండుడు. ముద్ద జాఱినచో చూడనట్లుండుడు. వారు మాటలాడ లేచినచో, పదము వచ్చువఱకు సభ యంతయు వేచియుండుగాక. ఆ వేచియుండుట కంపవాతమునకు మనమందఱము ఈయగల మందు.